సీసా చదవడం వచ్చా?

కొర్రమీను ముక్క నోట్లో పడగానే అది కొల్లేట్లో తిరిగిందో, చెరువులో మేత తిని పెరిగిందో చెప్పేసే నాలుకలు కైకలూరు, ఆకివీడు వైపు ఇప్పటికీ ఉన్నాయి. నూజివీడు మామిడి తోటల మధ్య పెరిగినవాళ్లకి చిన్నరసమో పెద్దరసమో తెలియడానికి పండు కోయక్కర్లేదు. తొడిమ దగ్గర వాసన చూస్తే చాలు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పాత వ్యాపారి పాయని అరచేతిలో ఓసారి దొర్లించి 'ఇది కర్నూలు సరుకు, అది మహారాష్ట్రది' అనేస్తాడు. రుచి విషయంలో ఈ ప్రాంతాన్ని మభ్యపెట్టడం కష్టం.

అలాంటి నాలుక కూడా ఒక్కచోట మొద్దుబారిపోతుంది. అమెరికా అల్లుడు సంక్రాంతికి వస్తూ విమానాశ్రయంలో కొనితెచ్చిన స్కాచ్‌ సీసా దగ్గర!

మనిషికి 2 లీటర్ల వరకూ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి సాధారణంగా రెండు సీసాలొస్తాయి. ఒకటి మామగారికి, రెండోది మామగారి స్నేహితుల ముందు ఆయన పరువుకి. 'ఎంత పడిందేంటి?'... మొదటి ప్రశ్న. 'ఎన్నేళ్లది?'... రెండోది. మూడో ప్రశ్న ఉండదు. గ్లాసు నిండా ఐసుముక్కలు, పైన సోడానో కూల్‌డ్రింకో, పక్కన కోడిపకోడీ. రెండో రౌండు అయ్యేసరికి అందులో ఉన్నది స్కాచో, సందు చివర షాపులో దొరికే క్వార్టరో తేడా చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు.

స్కాచ్‌ తాగేవాళ్లు వేరు, స్కాచ్‌ రుచి చూసేవాళ్లు వేరు. ఈ రెండో రకం అభిమానులు హైదరాబాద్‌, బెంగళూరు లాంటి నగరాల్లో ఎప్పట్నుంచో ఉన్నారు. రెండు గ్లాసుల్లో రెండు రకాలు, ఒక్కోదాంట్లో 20 మిల్లీలీటర్లు మించకుండా పోసుకుని, పక్కపక్కన పెట్టుకుని గంటసేపు వాసన చూస్తూ, నోట్సు రాసుకుంటూ కూర్చుంటారు. పక్కనుంచి చూసేవాళ్లకి ఇది కాస్త పిచ్చిగానే కనిపిస్తుంది. కానీ వాళ్లు చేసే మొదటి పని గ్లాసు ఎత్తడం కాదు, సీసా మీద రాసింది మొత్తం చదవడం. మన దగ్గర ఎవరూ చెయ్యనిది సరిగ్గా అదే.

అదీ ఒకప్పటి నాటుసారాయే!

స్కాచ్‌ అనగానే కోటలూ ప్రభువులూ గుర్తొస్తారుగానీ దాని పుట్టుక మరీ అంత గొప్పదేం కాదు. స్కాట్లాండ్‌ రాజు ఖజానా లెక్కల్లో 1494లో ఓ పద్దు ఉంది. జాన్‌ కోర్‌ అనే సన్యాసికి 'ప్రాణజలం' తయారు చెయ్యడానికి ఎనిమిది బోళ్ల మాల్టు ఇచ్చినట్టు. బోలు అనేది అక్కడి పాత కొలత. స్కాట్లాండ్‌ కొండజాతి భాషలో ఆ ప్రాణజలాన్నే 'ఉష్కె బాహ' అనేవారు. ఆ మాటే నలిగి నలిగి విస్కీ అయింది.

తర్వాత పన్నులొచ్చాయి. పన్నులతోపాటే దొంగ బట్టీలూ వచ్చాయి. కొల్లేటి లంకల్లో కిక్కిస దుబ్బుల చాటున బట్టీ పెట్టడం, ఎక్సైజు వాళ్లు పడవేసుకుని వచ్చి బెల్లం ఊట పారబోయడం ఇక్కడివాళ్లకి కొత్త విషయం కాదు. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లోనూ అచ్చం ఇదే తంతు. లంకల బదులు కొండలోయలు, బెల్లం బదులు బార్లీ, పడవల బదులు గుర్రాలు. అంతే తేడా!

1823లో బ్రిటిష్‌ ప్రభుత్వం చట్టం మార్చింది. లైసెన్సు తీసుకుని, ఓ మోస్తరు సుంకం కడితే బట్టీ పెట్టుకోవచ్చంది. గ్లెన్‌లివెట్‌ లోయలో ఆ లైసెన్సు మొదట తీసుకున్నవాడు జార్జ్‌ స్మిత్‌. అది 1824. ఇరుగుపొరుగు దొంగ బట్టీల వాళ్లకి ఒళ్లు మండింది. బట్టీతోపాటు నిన్నూ తగలబెడతామన్నారు. కొన్నేళ్లపాటు ఆయన నడుముకి జత పిస్తోళ్లు పెట్టుకునే తిరిగాడట. ఇవాళ డ్యూటీ ఫ్రీ షాపుల్లో వరసగా కనిపించే గ్లెన్‌లివెట్‌ ఆయనదే.

తయారీ సూత్రమూ మన సారాదే. ఊట పులియబెట్టడం, కాచడం, ఆవిరిని చల్లార్చి పట్టడం. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారు, మన ఇళ్లలో రాగిమాల్టుకి చేసినట్టే. మొలక ముదరకుండా ఆరబెట్టి, పిండి చేసి, వేడినీళ్లలో కలిపి తీపిని రాబడతారు. ఈస్టు వేసి పులియనిస్తారు. ఆ తర్వాత పెద్ద పెద్ద రాగి కాగుల్లో రెండుసార్లు కాస్తారు. తొలిధార ఘాటు, పనికిరాదు. కడధార నీచు, అదీ పనికిరాదు. నడిమి ధారే పట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదాంట్లోనే ఉంది పనితనమంతా. ఆ ధార అద్దాలున్న ఇత్తడిపెట్టెలోంచి పారుతుంది. పెట్టెకి తాళం. ఒకప్పుడు ఆ తాళంచెవి ఎక్సైజు అధికారి దగ్గరే ఉండేది. కాచేవాడు అద్దంలోంచి చూడాల్సిందే తప్ప చేత్తో ముట్టుకోవడానికి లేదు.

మనకీ వాళ్లకీ దారులు వేరైంది ఇదిగో ఇక్కడ. మన బట్టీ చాటునే ఉండిపోయింది. వాళ్ల బట్టీ తాళం కిందికి, చట్టం కిందికి, కాగితం మీదికి వచ్చింది.

మూడేళ్లు... ఓక్‌ పీపా... ఇంకేమీ కలపకూడదు

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే ఊళ్లో చేసి ఆత్రేయపురం పేరు పెడతామంటే ఇక కుదరదు. స్కాచ్‌దీ అదే సంగతి, కాకపోతే నిబంధనలు ఇంకా గట్టివి. స్కాట్లాండ్‌లోనే కాచాలి. 700 లీటర్లు మించని ఓక్‌ పీపాల్లో, ఆ దేశంలోనే, కనీసం మూడేళ్లు ఉంచాలి. సీసాలో పోసేటప్పటికి ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. నీళ్లూ, రంగు కోసం కాల్చిన చక్కెరా తప్ప మరేదీ కలపకూడదు. 2009 నాటి నిబంధనలు ఈ లెక్కలన్నీ స్పష్టంగా చెబుతాయి.

సీసా మీది '12' అంకెకీ చట్టమే అర్థం చెప్పింది. లోపల కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది. 30 ఏళ్ల సరుకులో మూడేళ్లది చెంచాడు కలిపినా సీసా మీద 3 అనే వెయ్యాలి. ఇంకో సంగతి. విస్కీ పెరిగేది పీపాలోనే, సీసాలో కాదు. మామగారు 12 ఏళ్ల స్కాచ్‌ని బీరువాలో చీరల వెనక ఇంకో పదేళ్లు దాచినా అది 22 ఏళ్లది అయిపోదు. పైగా సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి రుచి నెమ్మదిగా చప్పబడుతుంది. మనవడి పెళ్లికని దాచేవాళ్లు మూత తియ్యకుండా, ఎండ తగలకుండా, నిలబెట్టి దాచాలి. పడుకోబెడితే లోపలి ఘాటుకి బిరడా పాడవుతుంది.

'సింగిల్‌ మాల్ట్‌' అంటే ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసింది. 'బ్లెండెడ్‌' అంటే రకరకాల బట్టీల మాల్టుల్ని, గోధుమ, మొక్కజొన్న లాంటి ఇతర ధాన్యాలతో కాచిన గ్రెయిన్‌ విస్కీతో కలిపింది. అమ్ముడయ్యే స్కాచ్‌లో ఎక్కువ భాగం బ్లెండ్లే. అంతమాత్రాన తక్కువవని కాదు. పది బట్టీల సరుకుని ఏటా ఒకే రుచి వచ్చేలా కలపడం ఆషామాషీ వ్యవహారం కాదు. పెళ్లివంటల్లో వెయ్యిమంది పప్పుచారు ప్రతి ఊళ్లోనూ ఒకేలా దింపే వంటమేస్త్రిని అడిగితే చెబుతాడు, అదెంత కష్టమో.

ముక్కుకి పని చెప్పాలి

ఇక గ్లాసు సంగతి. వెడల్పాటి గ్లాసు సినిమాల్లో బాగుంటుందిగానీ వాసన పట్టడానికి పనికిరాదు. అడుగున కాస్త ఉబ్బి, పైకి వెళ్లేకొద్దీ సన్నబడే గ్లాసు కావాలి. అభిమానులు వాడేది ఇదే. గ్లాసులో కొద్దిగా పోసి, రెండు నిమిషాలు వదిలెయ్యాలి. తర్వాత ముక్కుని ఒకేసారి లోపలికి దూర్చకుండా, కాస్త దూరంనుంచి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడాలి. ఒక్కసారిగా పీలిస్తే ఘాటుకి ముక్కు పదినిమిషాలపాటు పనిచెయ్యదు. ఆ తర్వాత ఒక చిన్న గుక్క. మింగెయ్యకుండా నాలుకంతా తిరగనివ్వాలి. మింగాక గొంతులో ఎంతసేపు నిలిచిందో గమనించాలి.

నీళ్లు కలిపితే నేరమేమీ కాదు. గ్లాసు నింపకుండా నాలుగు చుక్కలు వేసి మళ్లీ వాసన చూస్తే కొత్త పరిమళాలు పైకొస్తాయి. ఎందుకో స్వీడన్‌లోని లినేయస్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో కంప్యూటర్‌ మీద లెక్కకట్టి చెప్పారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్‌ అనే పదార్థం, ఘాటు ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం లోపలే చిక్కుకుని ఉంటుందట. నీళ్లు పడి ఘాటు తగ్గితే పైకి తేలుతుందట. ఐసు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నాలుకనీ, పరిమళాన్నీ కలిపి గడ్డకట్టిస్తుంది. అలాగని మే నెలలో ఏలూరులో ఐసు లేకుండా రుచి చూడమంటే ఎవరూ ఒప్పుకోరు, నిజమే. ఆ ఎండలో గ్లాసులోంచి ఘాటే తప్ప ఇంకేదీ ముక్కుకి చేరదు. డెల్టాలో ఈ పనికి ధనుర్మాసపు సాయంత్రాలే తగినవి.

ఇంగ్లిషు పుస్తకాల్లో ఈ రుచుల్ని హెదర్‌ పూలు, ఫ్రూట్‌కేకు అని వర్ణిస్తారు. హెదర్‌ పువ్వు ఎలా ఉంటుందో తాడేపల్లిగూడెంలో ఎవరికి తెలుసు? తెలియక్కర్లేదు కూడా. మన వంటింట్లో, మన పెరట్లో అంతకన్నా మంచి మాటలున్నాయి.

అమెరికాలో బర్బన్‌ విస్కీకి ఎప్పటికప్పుడు కొత్త పీపాలే వాడాలని చట్టం. ఒకసారి వాడేసిన ఆ పీపాలు ఓడలెక్కి స్కాట్లాండ్‌ వస్తాయి. వాటిలో పెరిగిన విస్కీలో పచ్చికొబ్బరి, వెనీలా, ఒక్కోసారి పనసతొన వాసన. స్పెయిన్‌ షెర్రీ మద్యం పట్టిన పీపాల్లో పెరిగినదైతే ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం, తాటిబెల్లం పాకం. తక్కువ వయసు విస్కీలో బాగా మగ్గిన అరటిపండు వాసన తరచూ తగులుతుంది. అరటిపండుకి ఆ వాసననిచ్చే ఎస్టర్లే పులిసేటప్పుడు ఇక్కడా పుడతాయి మరి. స్పే నది ఒడ్డున పుట్టే స్పేసైడ్‌ రకాల్లో యాపిల్‌, తేనె. గ్లెన్‌లివెట్‌, గ్లెన్‌ఫిడిక్‌, మెకాలన్‌ అన్నీ ఆ చుట్టుపక్కలవే. దక్షిణాన లోలాండ్స్‌లో ఆకెన్‌టోషన్‌ లాంటివాళ్లు రెండుసార్లు కాదు, మూడుసార్లు కాస్తారు. అందుకే అది మజ్జిగతేటలా తేలిగ్గా ఉంటుంది.

ఐలా దీవి మాత్రం వేరే లోకం. అక్కడ మొలకెత్తిన బార్లీని పీట్‌ పొగ మీద ఆరబెడతారు. తడినేలల్లో నాచూ గడ్డీ చచ్చి, పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా అణిగితే ఏర్పడే నల్లటి మట్టి అది. కొల్లేటి అడుగున నాచూ గుర్రపుడెక్కా ఏటా ఎలా పేరుకుంటాయో చూసినవాళ్లకి ఇది చటుక్కున అర్థమవుతుంది. ఆ మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాలుస్తారు. లఫ్రాయిగ్‌, ఆర్డ్‌బెగ్‌, లగవూలిన్‌... వీటిని మొదటిసారి వాసన చూసినవాళ్లు మొహం చిట్లిస్తారు. ఆసుపత్రి వార్డులో అయోడిన్‌ వాసన, తడిగడ్డి కాలుతున్న పొగ, ఉప్పుగాలి. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, వలల పక్కన ఎవరో చలిమంట వేసుకున్నట్టు ఉంటుంది. కొందరు రెండో గుక్కకే ఒద్దంటారు. ఇంకొందరు జన్మలో వేరేది ముట్టరు. ఎండుచేపల పులుసు లాంటిదే ఇది. ఇష్టమో అయిష్టమో తప్ప మధ్యేమార్గం లేదు.

పోల్చి చూడటం మొదలుపెట్టేవాళ్లు ఒక తేలికరకం, ఒక పొగరకం పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. గ్లెన్‌లివెట్‌ 12, లఫ్రాయిగ్‌ 10 అనుకుందాం. చూసేది కూడా ఆ వరసలోనే. పొగ ముందు పడితే తేలికది ఇక చప్పన. ఆ తర్వాత జానీవాకర్‌ బ్లాక్‌ లేబుల్‌ ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే, అన్నాళ్లూ గమనించని ఐలా పొగ అందులోనూ లీలగా ఉందని తెలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా అదే తాగుతున్నవాళ్లు కూడా ఇక్కడే ఆశ్చర్యపోతారు. ఒక సాయంత్రానికి రెండు, మహా అయితే మూడు. అంతకుమించితే అది రుచి చూడటం కాదు.

ఇంతా చేసి ఇదేమైనా పరాయి విద్యా? కల్లు దగ్గర మనవాళ్లు చేసేదీ ఇదేగా! పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు, ఈతకల్లు పూర్తిగా వేరు. తెల్లారుజామున దించినది తీపి, మధ్యాహ్నానికి ఘాటు, పొద్దుగూకేసరికి పులుపు. ఏ గట్టు మీది చెట్టో కూడా చెప్పే పెద్దలు ఉండేవాళ్లు. స్కాచ్‌కి వయసు ఏళ్లలో, కల్లుకి గంటల్లో. నాలుక మాత్రం ఒకటే.

మన 'విస్కీ' విస్కీయేనా?

2022లో 21.9 కోట్ల సీసాలతో భారతదేశం ఫ్రాన్స్‌ని దాటి, పరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద స్కాచ్‌ మార్కెట్‌ అయిందని స్కాచ్‌ విస్కీ అసోసియేషన్‌ లెక్క. 2024లోనూ 19.2 కోట్ల సీసాలు వచ్చాయి. వినడానికి గొప్పగానే ఉందిగానీ, దేశంలో తాగే మొత్తం విస్కీలో ఇది రెండు శాతమే! మిగతా 98 శాతం ఏమిటి?

జవాబు గోదావరి జిల్లాల రైతుకి బాగా తెలిసినదే. చెరకు. మిల్లులో పంచదార తీసేశాక మిగిలే నల్లటి మడ్డి, అదే మొలాసిస్‌. తాడేపల్లిగూడేనికి పక్కనే తణుకులో 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్‌ స్థాపించిన ఆంధ్రా షుగర్స్‌, మొలాసిస్‌ నుంచి ఆల్కహాలు, దాన్నుంచి రసాయనాలు తీస్తూ పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ఆల్కహాలు అన్నది అంత ఉపయోగపడే ముడిసరుకు. దేశంలో చౌకరకం 'విస్కీ'లు చాలావాటికి ఆధారమూ ఇలాంటి రుచీ వాసనా లేని స్పిరిట్టే. దానికి కాస్త మాల్టో, కాస్త స్కాచో, రంగూ పరిమళమూ కలుపుతారు. మన దేశంలో దాన్ని విస్కీ అని అమ్మడం చట్టబద్ధమే. ఐరోపాలో మాత్రం కుదరదు. చెరకు మడ్డితో చేసినదాన్ని వాళ్లు రమ్ము అంటారు, విస్కీ అననివ్వరు.

అందుకే సీసా చదవాలనేది. 'స్కాచ్‌' అనే మాట ఉందా? 'ప్రొడక్ట్‌ ఆఫ్‌ స్కాట్లాండ్‌' ఉందా? లేక కోట బొమ్మ, గీతల గళ్ల గుడ్డ, ఇంగ్లిషు దొరపేరు మాత్రమే ఉన్నాయా? 42.8 శాతం ఆల్కహాలు అని కనబడితే అది భారతదేశం కోసం పోసిన సీసా. మన ఎక్సైజు లెక్కల్లో పాతకాలం నుంచీ వస్తున్న కొలత అది. ఇక్కడ సీసాలో నింపినంత మాత్రాన స్కాచ్‌ కాకుండా పోదు. టీచర్స్‌, 100 పైపర్స్‌ లాంటి బ్లెండ్లని పెద్ద ఎత్తున తెచ్చి మన దేశంలోనే సీసాల్లో నింపుతారు. సింగిల్‌ మాల్ట్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2012 నుంచి దాన్ని స్కాట్లాండ్‌లోనే సీసాలో పొయ్యాలి. 'సింగిల్‌ మాల్ట్‌ స్కాచ్‌, బాట్లింగ్‌ ఇక్కడే' అని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే.

పేరు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. బెంగళూరు ఖోడే సంస్థ 1968 నుంచి అమ్ముతున్న 'పీటర్‌ స్కాట్‌' పేరు మీద స్కాచ్‌ విస్కీ అసోసియేషన్‌ అభ్యంతరం పెట్టింది. 2008లో కోర్టు ఖోడే వైపే తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి తెలిసీ ఊరుకుని ఆలస్యంగా వచ్చారంది. దాంతోపాటు, స్కాచ్‌ కొనేవాళ్లు చదువుకున్నవాళ్లు, తేడా తెలిసినవాళ్లు అని కూడా అభిప్రాయపడింది. గ్లాసు నిండా కూల్‌డ్రింకు పోసుకునే మన సంక్రాంతి సభల్ని న్యాయమూర్తులు చూసి ఉండరు!

మనవాళ్లకి అసలు సిసలు మాల్ట్‌ చెయ్యడం రాదని కాదు. బెంగళూరు అమృత్‌ డిస్టిలరీస్‌ 2004లో తన సింగిల్‌ మాల్ట్‌ని ఏకంగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. కొబ్బరికాయలు అమ్మడానికి కోనసీమ వెళ్లినట్టు! మొదట్లో నవ్వారు. జిమ్‌ మరే అనే పేరున్న రుచిపరీక్షకుడు తన 2010 నాటి విస్కీ గ్రంథంలో 'అమృత్‌ ఫ్యూజన్‌'ని ప్రపంచంలో మూడో స్థానంలో నిలబెట్టాక నవ్వు ఆగింది. అక్కడి చలిలో పీపాలోంచి ఏటా రెండు శాతం ఆవిరైపోతుంది. దాన్ని 'దేవదూతల వాటా' అంటారు. బెంగళూరులో అది 10-12 శాతం. అందుకే మన మాల్టులు నాలుగైదేళ్లకే పక్వానికొస్తాయి, ఆపైన ఉంచితే పీపా ఖాళీ. కాబట్టి '12 ఏళ్లది కాదుగా' అని పెదవి విరవడంలో అర్థం లేదు. ఇక ఏలూరు ఎండలో పీపా పెడితే, దేవదూతలు మనకంటూ ఏమైనా మిగులుస్తారా అన్నది అనుమానమే.

చదవడానికి సీసా ఉంటే కదా!

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట కదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. సీసాలో ఏముందో తెలుసుకునే హక్కు, తెలియకపోతే జరిగే నష్టం... ఈ రెండూ ఈ ప్రాంతానికి బాగా అనుభవం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్టీఆర్‌ తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరి 16న అమల్లోకొచ్చి 1997లో పోయింది. ఆ రెండేళ్లూ గోదావరి జిల్లాల మందుబాబులకి పుదుచ్చేరి పాలనలోని యానాం యాత్రాస్థలమైంది. ఆ ఉద్యమం చేసిన ఆడవాళ్లకి సింగిల్‌ మాల్టు సంగతులు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. కూలిడబ్బులు ఇంటికి చేరట్లేదన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టగలిగినవాళ్లు ఇప్పటికీ లేరు.

2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వం చేతికెళ్లాయి. ధరలు పెరిగాయి. తెలిసిన బ్రాండ్లు చాలావరకు మాయమై, అంతకుముందు ఎవరూ వినని పేర్లు అల్మారాల్లోకొచ్చాయి. ఇది కావాలని అడిగే వీల్లేదు, ఉన్నది తీసుకోవాల్సిందే. స్తోమతున్నవాళ్లు జీలుగుమిల్లి దాటి తెలంగాణలోని అశ్వారావుపేట వైపు చూశారు. లేనివాళ్లు నాటుసారా వైపు చూశారు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరస మరణాలు సంభవించాయి. నాటుసారాయే చంపిందని కుటుంబాలు ఏడ్చాయి. సహజ మరణాలేనని అప్పటి ప్రభుత్వం అంది. ఏ సీసాలో ఏముందో, అసలు సీసా ఉందో లేదో చెప్పే కాగితం ఏదీ లేనిచోట ఆ వాదన ఎన్నాళ్లయినా సాగుతుంది. 2024 అక్టోబరు 16న దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికొచ్చాయి. 99 రూపాయల క్వార్టరుతోపాటు పాత బ్రాండ్లూ తిరిగొచ్చాయి.

భారత్‌, బ్రిటన్‌ల మధ్య 2025 జులైలో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో స్కాచ్‌ మీది 150 శాతం సుంకాన్ని మొదట 75కి, పదేళ్లలో 40కి దించాలని రాసుకున్నారు. రాష్ట్రాల పన్నులు వేరే ఉంటాయి కాబట్టి సీసా ధర అంతమేర తగ్గుతుందని ఆశపడకూడదు. ధర ఎంతైనా ఒంటికి చేసే పని ఒకటే. ఏ మోతాదులోనూ మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో తేల్చి చెప్పింది. కాలేయానికి సింగిల్‌ మాల్టూ, చీప్‌ లిక్కరూ తేడా తెలియదు. రుచి చూసేవాళ్లు తక్కువ తాగుతారన్నది నిజమే కావచ్చుగానీ, అది తాగని మనిషి కొత్తగా మొదలుపెట్టడానికి కారణం కాదు.

పేరు పెరిగేకొద్దీ దొంగసరుకూ పెరుగుతుంది. ఖరీదైన స్కాచ్‌ ఖాళీ సీసాకి, అందులోనూ అట్టపెట్టె చెక్కుచెదరకుండా ఉంటే, పాతసామాన్ల వాళ్లు మామూలు సీసాకన్నా ఎక్కువ ఇస్తారు. ఎందుకిస్తున్నారో ఇచ్చేవాళ్లు ఆలోచించరు. చౌకరకం పోసి, మూత బిగించి, 'మిలిటరీ సరుకు', 'దుబాయ్‌ నుంచి వచ్చింది' అని చెవిలో చెప్పి అమ్మే ముఠాలు పట్టుబడుతూనే ఉంటాయి. అలా దొడ్డిదారిన వచ్చినదాని మీద కళ్లు మూసుకుని ఎంత రుచి చూసినా లాభం లేదు. మూత సీలు, సీసా మీది ఎక్సైజు లేబులు, దిగుమతిదారు చిరునామా, బ్యాచి నంబరు... ఇవన్నీ చూశాకే మిగతా కథ.

తెలిసిన అభిమానులు అందుకే సీసా అయిపోయాక లేబులు గీకేసి, పెట్టె చింపేసి గానీ బయటికి పంపరు. చాలా ఇళ్లలో అంతదూరం రానే రాదు. ఇల్లాలు ఎప్పుడో దాన్ని శుభ్రంగా కడిగి, నీళ్లుపోసి, మనీప్లాంటు తీగ పెట్టి కిటికీలో నిలబెట్టేసి ఉంటుంది.